గేరు పడగానే ధడ్: మా పాత బండి కింద ఆరు వారాల వెతుకులాట

మొదటి శనివారం, 1,86,412 కి.మీ.

నాన్నను కంటి డాక్టరుకు చూపించి గుంటూరు నుంచి తెనాలి తిరిగి వస్తున్నాం. నారాకోడూరు దగ్గర ట్రాఫిక్ ఆగింది. మళ్లీ ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదలగానే సీటు కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు ‘ధడ్’మంది. ఒక్కసారే. బండి మామూలుగానే కదిలింది. ఇంటికి వచ్చి షెడ్డులో పెట్టడానికి రివర్స్ వేస్తే మళ్లీ అదే చప్పుడు. నాన్న ఏమీ అనలేదు గానీ, దిగాక చాలాసేపు వంగి బండి కిందకు చూస్తూ ఉండిపోయారు.

ఇది 2005 మోడల్ ఏడు సీట్ల డీజిల్ బండి. ఇంజిన్ ముందుంటుంది, ఇంజిన్ తిప్పేవి వెనక చక్రాలు, వెనక సస్పెన్షన్ ఇనుప ఆకులు పేర్చి కట్టిన కమాను కట్టలు. చెల్లి పెళ్లి సామాను మోసింది, ధాన్యం బస్తాలు మోసింది, అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లిందీ ఇదే. అమ్మేసి కొత్తది కొనుక్కోమని చాలామంది చెప్పారు. నాకు ఇష్టం లేదు. అందుకే ఈ చప్పుడు ఎక్కడిదో మేమే తేల్చాలనుకున్నాం. నాకు తోడు తమ్ముడు. జరిగింది జరిగినట్టు ఈ నోట్‌బుక్‌లో రాస్తున్నాను.

ఆదివారం

పొద్దున్నే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. ఇరవై ఏళ్లుగా మా బండ్లు చూస్తున్న మనిషి, నేను బాబాయ్ అని పిలుస్తాను. ఒక రౌండ్ తోలి చూసి, “హౌసింగ్ పోయింది బాబూ. క్రౌన్ పీనియన్ సెట్టు మార్చాలి, లోపల బేరింగులు కూడా. ముప్పై వేల పైమాటే” అన్నాడు. హౌసింగ్ అంటే వెనక చక్రాల మధ్య ఉండే ఇనుప పెట్టె; షాఫ్ట్ తిప్పుడును చక్రాలవైపు మళ్లించే పీనియన్, క్రౌన్ అనే రెండు గేర్లు దాని లోపలే ఉంటాయి. ఆయన మాట తీసిపారేసేది కాదు. కానీ నాకు ఒక అనుమానం ఉంది. క్రౌన్ పీనియన్ పళ్లు అరిగితే ముందు ఊళ మొదలవుతుంది. యాభై, అరవై స్పీడులో యాక్సిలరేటర్ తొక్కితే ఒక స్వరం, వదిలితే ఇంకో స్వరం వస్తుంది. మా బండిలో ఆ ఊళ లేదు. ఒక్క దెబ్బ, ఆ తర్వాత నిశ్శబ్దం.

“రెండు వారాలు టైమివ్వు బాబాయ్, కొంచెం చూసుకుని వస్తాను” అన్నాను. “చూసుకో. దూరం మాత్రం తిప్పకు” అన్నాడు.

అదే రోజు సాయంత్రం

ఏ పార్టూ విప్పకముందు, చప్పుడు ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావట్లేదు అన్నది రాసుకున్నాం. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద గంటసేపు అదే పని. తమ్ముడు పక్కన కూర్చుని రాశాడు.

ఫస్ట్ గేరులో క్లచ్ వదలగానే వస్తోంది. రివర్స్‌లో ఇంకా గట్టిగా వస్తోంది. సెకండ్ గేరులో ఇరవై స్పీడు మీద యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కితే రెండు రకాలుగా వినిపిస్తోంది: ముందు ‘టిక్’మని చిన్నది, వెంటనే ‘ధడ్’మని పెద్దది. న్యూట్రల్‌లో జారుతుంటే ఏమీ లేదు. గుంటల్లో దిగినా లేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా పోనిచ్చినా తేడా లేదు. గేరు మీద నిలకడగా పోతుంటే అసలే లేదు.

అంటే చక్రం తిరిగిన ప్రతిసారీ వచ్చే చప్పుడు కాదిది. మా టైరు చుట్టుకొలత దాదాపు 2.2 మీటర్లు. ఇరవై స్పీడులో చక్రం సెకనుకు రెండున్నర చుట్లు తిరుగుతుంది. పన్ను విరిగినా, బేరింగు గోళీ పగిలినా చప్పుడు ఆ లెక్కన లయగా టకటకమంటూ రావాలి. మాది అలా లేదు. ఇంజిన్ బలం ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు మారినప్పుడు మాత్రమే ఒక్కసారి వస్తోంది. ఎక్కడో ఖాళీ ఉంది. ఆ ఖాళీ దాటి ఇనుము ఇనుముకు తగులుతోంది.

చిక్కల్లా ఒకటే, ఆ దారి చాలా పొడుగు. ఇంజిన్ నుంచి క్లచ్, గేర్‌బాక్స్, వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ అనే గొట్టం, దాని రెండు చివర్లా వంపులోనూ తిరగనిచ్చే క్రాస్ జాయింట్లు (క్రాసులు), హౌసింగ్ లోపల పీనియన్, క్రౌన్, యాక్సిల్ రాడ్లు, చివరికి చక్రం. ప్రతి జాయింటులోనూ వెంట్రుకవాసి ఖాళీ ఉండనే ఉంటుంది. వాటిలో ఏది మితిమీరిందో పట్టుకోవాలి.

రెండో శనివారం

ముందు ఇంజిన్‌ను మోసే రబ్బరు మౌంటింగులు చూశాం, ఎందుకంటే అవి చూడటానికి ఏమీ విప్పక్కర్లేదు. బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేకు లాగి, ఫుట్ బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, ఫస్ట్ గేరులో క్లచ్ కొంచెం మాత్రమే వదిలాను. తర్వాత రివర్స్‌లో కూడా అలాగే చేశాను. తమ్ముడు పక్క నుంచి చూశాడు. ఈ పని చేసేటప్పుడు బండి ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు, కాలు జారితే అంతే సంగతులు. ఇంజిన్ ఒక వేలు మందం అటూ ఇటూ ఒరిగింది. రబ్బరు చీలిన గుర్తు లేదు, ఇనుము తగిలిన చప్పుడు లేదు. మౌంటింగులను పక్కన పెట్టేశాం.

కానీ ఈ పరీక్షలోనే ఇంకో సంగతి తెలిసింది. లోపల కూర్చున్న నాకు చప్పుడు వెనక సీటు కింద, సరిగ్గా మధ్యలో వినిపించింది. బయట నిలబడ్డ తమ్ముడికి గేర్‌బాక్స్ దగ్గర వినిపించింది. చప్పుడు ఒకటే, చోట్లు రెండు! ఫ్లోరు రేకు డప్పులా మోగుతుంది, షాఫ్ట్ గొట్టం సన్నాయిలా చప్పుడును ఈ చివర నుంచి ఆ చివరికి మోసుకెళ్తుంది. ఇక చెవిని నమ్మకూడదని, చేత్తో పట్టుకుని చూడాలని ఆరోజే నిర్ణయించుకున్నాం.

ఆదివారం

ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టి, కుడి వెనక చక్రం జాకీతో ఎత్తి, హౌసింగ్ కింద స్టాండు పెట్టాం. ఒక వెనక చక్రం గాల్లో ఉంటే గేరులో పెట్టినా బండి ఆగదు. హౌసింగ్ లోపల రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ ఆ చక్రాన్ని ఉత్తగా తిప్పేసి బండిని వదిలేస్తుంది. కింద పడుకునేవాళ్లకు ఆ చెక్క దిమ్మెలే దిక్కు.

న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి, షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాం. షాఫ్ట్ నాలుగు చుట్లు పూర్తిచేసి ఇంకొంచెం తిరిగింది. రెండో చక్రం నేల మీద ఉంది కాబట్టి, గాల్లో ఉన్నది రెండు చుట్లు తిరిగితేనే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుంది. అంటే మా బండి నిష్పత్తి నాలుగు పైచిలుకు. తిరుగుతున్నంతసేపూ హౌసింగ్ మీద చెయ్యి వేసి ఉంచాను. ఎక్కడా పట్టేయలేదు, గరగరలేదు. ఇది హౌసింగ్ తరఫున మొదటి సాక్ష్యం.

తర్వాత షాఫ్ట్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాను. వెనక క్రాస్ దగ్గర ‘టిక్’. ఇంకోసారి, మళ్లీ ‘టిక్’. బొటనవేలు క్రాస్ చివరి కప్పుకూ, ఆ కప్పును పట్టుకునే పంగలాంటి యోక్‌కూ మధ్య పెట్టి తిప్పితే ఆ కదలిక వేలికి తెలిసింది. టార్చి వేసి చూస్తే కప్పు సీలు చుట్టూ పసుపూ కుంకుమా కలిపినట్టు ఎర్రటి పొడి. గ్రీజు అయిపోయి లోపలి సూది బేరింగులు తుప్పు పట్టి, ఆ తుప్పు పిండిగా రాలితే అలా ఉంటుంది. క్రాస్ పోయిందనడానికి ఇంతకన్నా గుర్తు అక్కర్లేదు.

నాకు చాలా సంతోషమేసింది. దొరికేసింది అనుకున్నాను.

మూడో వారం

షాఫ్ట్ విప్పేముందు, అది హౌసింగ్‌కు బోల్టులతో అతికే ఫ్లాంజి అనే బిళ్ల మీదా యోక్ మీదా సుద్ద గీతలు పెట్టాను. తర్వాత కిరోసిన్‌తో తుడిచినప్పుడు ఆ గీతలు కాస్తా పోయాయి. తమ్ముడు ముందే ఫోటో తీసి ఉంచాడు కాబట్టి సరిపోయింది. ఇకమీదట పంచ్‌తో చుక్క కొట్టాకే విప్పుతాను. ఈ గుర్తు ఎందుకంత ముఖ్యమో కొంచెం చెప్పాలి. వంపులో తిరిగే క్రాస్ జాయింటు ఒక పక్క సమానంగా తిరిగినా రెండో పక్క ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. వంపు పది డిగ్రీలుంటే ఆ తేడా ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. రెండో చివర ఉన్న క్రాస్ సరిగ్గా దానికి ఎదురు తేడా ఇచ్చి సర్దేస్తుంది. షాఫ్ట్ రెండు చివరి యోక్‌లు ఒకే వరుసలో ఉంటేనే ఆ సర్దుబాటు కుదురుతుంది. మధ్యలో జారే స్లిప్ జాయింటును ఒక పన్ను తప్పించి దూర్చినా బండి వణుకుతుంది. ఈ వేగం తేడాను 17వ శతాబ్దంలోనే ఇంగ్లండులో రాబర్ట్ హుక్ గమనించాడు. క్లారెన్స్ స్పైసర్ మోటారు కార్ల కోసం ఈ జాయింటుకు అమెరికాలో పేటెంటు పొందింది 1903లో. బండి కింద వెల్లకిలా పడుకుని అంత పాత ఆలోచనను చేత్తో తడుముతుంటే నిజంగా గొప్పగా అనిపించింది.

క్రాస్ కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. మోడల్ పేరు చెబితే మూడు రకాలు తీసి ముందు పెట్టారు. అందుకే పాత కప్పు జేబులో వేసుకెళ్లాను. వెర్నియర్‌తో కప్పు వ్యాసం, క్రాస్ చివర నుంచి చివరికి పొడవు కొలిచి సరిపోయినదే తెచ్చాను. గ్రీజు నిపుల్ ఉన్నదే కావాలని అడిగి తీసుకున్నాను.

పాతది ఊడదీయడానికి సగం రోజు పట్టింది. కప్పులు జారిపోకుండా ఆపే సర్‌క్లిప్పులు తుప్పుతో అతుక్కుపోయాయి. వైస్‌లో ఒక పక్క పెద్ద సాకెట్, ఇంకో పక్క చిన్న సాకెట్ పెట్టి బిగించి కప్పులు బయటికి నెట్టాం. క్రాస్ చేతులు తుడిచి చూస్తే సూదులు ఒకే చోట అదిమిన గాడులు గోటికి తగిలేంత లోతుగా ఉన్నాయి. కొత్త కప్పు ఎక్కిస్తుంటే లోపల ఒక సూది పక్కకు పడిపోయింది. నాకు తెలియలేదు. కప్పు మూడు మిల్లీమీటర్ల ముందే ఆగింది. ఇంకొంచెం బిగిస్తే దిగుతుందనిపించింది గానీ, తమ్ముడు “అన్నయ్యా, ఆగు. సర్‌క్లిప్ గాడి కనబడటం లేదు” అన్నాడు. విప్పి చూస్తే సూది అడుగున అడ్డంగా పడి ఉంది. ఇంకో తిప్పు తిప్పి ఉంటే కొత్త కప్పు పగిలేది. సూదులన్నీ గ్రీజుతో గోడకు అతికించి మళ్లీ ఎక్కించాం. పనిలో పనిగా స్లిప్ జాయింటు పళ్లు కడిగి గ్రీజు పెట్టాం.

సాయంత్రం తోలి చూశాను. ‘టిక్’ పోయింది. ‘ధడ్’ అలాగే ఉంది.

ఆ రాత్రి ఈ నోట్‌బుక్ తెరవబుద్ధి కాలేదు.

నాలుగో వారం, 1,86,530 కి.మీ.

బాబాయ్‌కి ఫోన్ చేస్తే “చెప్పాగా, హౌసింగే” అన్నాడు. ఈసారి నాకు కూడా నిజమేనేమో అనిపించింది. అయినా డబ్బు ఖర్చు పెట్టేముందు హౌసింగ్‌ను నేరుగా అడగాలి కదా.

షాఫ్ట్ వెనక చివర విప్పి పక్కకు కట్టి, రెండు వెనక చక్రాలూ కదలకుండా చేసి, పీనియన్ ఫ్లాంజిని చేత్తో తిప్పి చూశాను. షాఫ్ట్ విప్పిన బండిని గేరు ఆపలేదు, కాబట్టి దిమ్మెలు ఇక్కడా తప్పవు. ఫ్లాంజి అంచున సూది గుర్తు పెట్టి కొలిస్తే ఈ చివర నుంచి ఆ చివరికి 5 మిల్లీమీటర్లు కదిలింది. ఫ్లాంజి వ్యాసం 100 మిల్లీమీటర్లు, అంటే ఆరు డిగ్రీలకు కొంచెం తక్కువ. దానిలో క్రౌన్ పీనియన్ వాటా, డిఫరెన్షియల్ లోపలి చిన్న స్పైడర్ గేర్ల వాటా, యాక్సిల్ పళ్ల వాటా అన్నీ కలిసి ఉన్నాయి. ఇరవై ఏళ్ల బండికి ఇది నాకు ఎక్కువనిపించలేదు. పైగా ఫ్లాంజి చివరికి తగిలినప్పుడు వచ్చింది మెత్తటి ‘టక్’ మాత్రమే, మా ‘ధడ్’ కాదు. ఫ్లాంజిని పైకీ కిందికీ ఊపితే పీనియన్ బేరింగులో కదలికే లేదు.

ఆయిల్ కూడా దించాం. పాత తెల్ల పంచె ముక్కలో వడగట్టి ఎండలో పెట్టి చూశాం. నల్లగా, సిరాలా ఉంది. రేకు ముక్కలు లేవు, మెరుపు లేదు. అయస్కాంతం తిప్పితే పలచటి బురదలాంటిది అంటుకుంది, అంతే. పళ్లు విరిగిన హౌసింగ్ ఇలా ఉండదు. కొత్త ఆయిల్ పోసి మూసేశాను. హౌసింగ్ నిర్దోషి అని నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాశాను. మరి చప్పుడు ఎక్కడిది?

ఐదో శనివారం

తిరిగే భాగాలన్నీ చూసేశాం. తిరగకూడనివి చూడలేదు. ఈ మాట రాత్రి పడుకున్నాక తట్టింది.

చక్రాన్ని ముందుకు తిప్పాలంటే పీనియన్ క్రౌన్‌ను నెట్టాలి. నెట్టినప్పుడు హౌసింగ్ వెనక్కి తిరగాలని చూస్తుంది, దాని ముక్కు, అంటే పీనియన్ ఉన్న ముందు భాగం, పైకి లేస్తుంది. రివర్స్‌లో ముక్కు కిందికి వంగుతుంది. ఆ తిరుగుడును ఆపేది ఎవరు? మా బండిలో వేరే రాడ్లేవీ లేవు. కమాను కట్టలే ఆపాలి. అంతేకాదు, చక్రం నేలను తన్ని ముందుకు తోస్తే ఆ తోపును బాడీకి చేర్చేది కూడా కట్ట ముందు సగమే. ఈ అమరికను హాచ్‌కిస్ డ్రైవ్ అంటారు. కట్టలంటే బరువు మోసేవని మాత్రమే ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి బండిని ముందుకు తోసేవి కూడా అవే.

తెల్లారగానే తమ్ముణ్ణి లేపాను. ఫోన్‌ను ఇటుక మీద ఆనించి, ఎడమ కట్ట వైపు తిప్పి, సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టాం. నేను ఫస్ట్‌లో ఒకసారి, రివర్స్‌లో ఒకసారి క్లచ్ వదిలాను. వీడియో చూస్తే ఇద్దరికీ నోట మాట రాలేదు. హౌసింగ్ ముక్కు పైకి లేచింది, అది మామూలే. కానీ దాంతోపాటు ఎడమవైపు హౌసింగ్ మొత్తం కట్ట కింద ముందుకు జారింది. రివర్స్‌లో వెనక్కి జారింది. జారి ఆగిన క్షణంలోనే ‘ధడ్’. కుడివైపు తీస్తే అక్కడ అసలు కదలికే లేదు.

వీడియోను కూడా పూర్తిగా నమ్మకుండా టేపు తీశాం. కట్ట ముందు చివరి బోల్టు మధ్య నుంచి హౌసింగ్ మీద కట్ట కూర్చునే ఇనుప దిమ్మె అంచు దాకా కొలత. బండిని ముందుకు పోనిచ్చి ఆపినప్పుడు ఎడమ 566 మిల్లీమీటర్లు. రివర్స్ పోనిచ్చి ఆపినప్పుడు అదే ఎడమ 571. కుడి రెండుసార్లూ 574.

ఇంజిన్ బలమంతా ఐదు మిల్లీమీటర్లు పరిగెత్తి ఇనుమును గుద్దుతోంది. మా ‘ధడ్’ అదే.

కట్టను హౌసింగ్‌కు బిగించి పట్టే యూ బోల్టుల నట్లకు పానా వేస్తే ఎడమవైపు రెండు నట్లు చేతిబలంతోనే తిరిగాయి. కట్ట హౌసింగ్ పైన కూర్చుంటుంది. ఆకులన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తల హౌసింగ్ దిమ్మె మీదున్న గుంటలో దిగి, కట్ట ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపుతుంది. అసలు పట్టు మాత్రం యూ బోల్టుల బిగువుదే. అవి వదులైతే తోపంతా ఆ ఒక్క సన్నటి బోల్టు మీద పడి అది తెగిపోతుంది. మాది తెగిపోయింది.

రెండేళ్ల క్రితం ధాన్యం బస్తాల కోసం కట్టలకు ఒక ఆకు అదనంగా వేయించాం. కొత్తగా వేసిన కట్టల ఆకులు కొన్ని రోజులు నడిచాక సర్దుకుని అణుగుతాయి, అప్పుడు యూ బోల్టులు మళ్లీ బిగించాలి. అక్కడ ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అదే సాయంత్రం

వీడియో బాబాయ్‌కి చూపించాను. రెండుసార్లు చూశాడు. మూడోసారి ఫోన్ తన చేతిలోకి తీసుకుని చూశాడు. “కట్ట నడుస్తోందయ్యా” అన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి రెండు పెద్ద సీ క్లాంపులు తెచ్చి ఇచ్చాడు. “ఇవి బిగించకుండా సెంటర్ బోల్టు మీద చెయ్యి వెయ్యకు. ఆకులు ఒక్కసారిగా విడిపోయి ఎగురుతాయి. నా కుర్రాడి చెయ్యి అలాగే విరిగింది” అన్నాడు. ఆ మాట వినకపోయి ఉంటే క్లాంపులు లేకుండానే విప్పేసేవాణ్ణి.

ఐదో ఆదివారం

చాసిస్‌ను రెండు వైపులా స్టాండ్ల మీద నిలబెట్టి, హౌసింగ్‌ను జాకీతో మోసి, ఎడమ యూ బోల్టులు విప్పాం. హౌసింగ్‌ను రెండంగుళాలు దించగానే తెగిన బోల్టు తల గుంటలోనే ఉండిపోయి కనిపించింది. దిమ్మె మీద తుప్పు ఉండాల్సిన చోట అద్దంలా మెరుస్తున్న గీతలు. ఎన్ని నెలలుగా రుద్దుకుంటోందో!

ఆకులకు బాబాయ్ ఇచ్చిన క్లాంపులు రెండు పక్కలా బిగించి, మిగిలిన బోల్టు ముక్క బయటికి తీసి, కొత్తది వేసి, ఆకుల వరుస సరిచూసి బిగించాం. గుంట అంచు కొంచెం ఒరుసుకుపోయింది గానీ కొత్త తల బిగుతుగానే కూర్చుంది. అది వదులుగా ఉంటే దిమ్మెకు వెల్డింగ్ పని పడేది. యూ బోల్టులు కొత్తవే వేశాం, కుడివైపు కూడా. ఒకసారి సాగిన బోల్టు మళ్లీ అదే బిగువు పట్టదు. నాలుగు నట్లనూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, బండిని నేల మీదికి దించాక, బరువు కట్టల మీద పడ్డాక బిగువు కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో చివరి బిగింపు ఇచ్చాం.

టేపు కొలత: ఎడమ 573, కుడి 574. ముందుకు పోయి ఆపినా, వెనక్కి పోయి ఆపినా అవే అంకెలు.

ఫస్ట్ వేశాను. క్లచ్ వదిలాను. ఏమీ లేదు. రివర్స్. ఏమీ లేదు. తమ్ముడు బయటి నుంచి “ఇంకోసారి వెయ్యి అన్నయ్యా” అన్నాడు. పదిసార్లు వేశాను.

ఆరో వారం, 1,86,655 కి.మీ.

వంద కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్లీ చూశాం. ఎడమవైపు నాలుగూ పావు తిప్పు దాకా తిరిగాయి, కుడివైపు కొంచెం తక్కువ. ఆకులు సర్దుకుంటున్నాయి. మళ్లీ టార్క్ చేసి, ప్రతి నట్టు మీదా బోల్టు మీదా కలిపి పెయింటుతో ఒక గీత గీశాం. ఇక పానా వేయకుండానే, గీత తప్పిందో లేదో టార్చి వేసి చూసుకోవచ్చు.

నాన్న నిన్న బండి తీసుకుని ఒక్కరే గుంటూరు వెళ్లొచ్చారు. తిరిగొచ్చి తాళాలు మేకుకు తగిలిస్తూ “వెనక పక్కకు లాగడం కూడా పోయిందిరా” అన్నారు. బండి పక్కకు లాగుతోందని ఆయన ఇంతకుముందు నాకు చెప్పలేదు. ఎడమ చక్రం ముందుకు జరిగి ఉంటే లాగుతుంది మరి. చప్పుడు వచ్చిన మొదటి రోజే నాన్నను అడగాల్సింది, రోజూ తోలేది ఆయనే.

మిగిలిన పనులు: ఐదు వందల కిలోమీటర్లకు గీతలు చూడాలి. వెనక క్రాసుకు ప్రతి సర్వీసులో గ్రీజు కొట్టించాలి. బాబాయ్ క్లాంపులు తిరిగి ఇచ్చేముందు కుడి కట్ట సెంటర్ బోల్టు కూడా మార్చాలి. తెగిన బోల్టు రెండు ముక్కలూ డబ్బాలో దాచాను. కుడివైపుది బయటికి తీశాక, దాని మెడ దగ్గర కూడా సన్నబడటం మొదలైందా అని పక్కపక్కన పెట్టి చూస్తాం.